వెండి ముఖం మీద ఒక పొర

జులై 12, శనివారం

ఈ డైరీ కాలేజీ వాళ్లు ఇచ్చింది. మొదటి పేజీలో ఛైర్మన్ గారి ఫొటో, రెండో పేజీలో ఛైర్మన్ గారి తండ్రి ఫొటో, మూడో పేజీలో క్రమశిక్షణ గురించి ఛైర్మన్ గారి సందేశం. నాలుగో పేజీ నుంచి దయతలచి నాకు వదిలారు. ఇన్ని నెలలు ఖాళీగా పెట్టి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నంద్యాల ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేదు. మాధురి కోయిలకుంట్లలో, పుట్టింట్లో ఉంది. ఫిబ్రవరి నుంచి. ఫిబ్రవరి సంగతి ఇందులో రాయను.

ఈరోజు ఆళ్లగడ్డ పోయి నా పరిశోధనను నాయనకు చూపించాను. ఆయనది వెండి అంగడి. ఆర్నెల్ల కింద ఆయన అద్దాల బీరువాలో రెండు కుంకుమ భరిణెలు పెట్టి వచ్చాను. ఒకటి మామూలుది, ఒకటి నేను పొర పూసింది. మామూలుది బొగ్గులా ఉంది. నాది పెళ్లికూతురిలా ఉంది.

"ఏందిరా ఇది?" అన్నాడు నాయన.

"పొర నాయనా. కంటికి కనపడదు. ఒక్క అణువు మందం. ఈ మందు అణువుకు ఒక పక్క వెండిని పట్టుకునే తల, ఇంకో పక్క నూనె లాంటి తోక. స్పిరిట్‌లో కలిపి వెండిని ముంచితే చాలు, వాటంతట అవే వరసగా నిలబడతాయి. తలలు వెండి మీద, తోకలు బయటికి. ఇంక గాలి తగలదు, నల్లబడదు."

"ఎవురూ చెప్పకుండానే వరసలో నిలబడతాయా?"

"నిలబడతాయి."

"మంచివే పాపం," అన్నాడు. భరిణె తిప్పి తిప్పి చూశాడు. "వేణూ, నల్లబడకపోతే ఇది వెండి అని ఎవురు నమ్ముతారురా? జర్మన్ సిల్వర్ అంటారు. నలభై ఏళ్ల అంగడి నీ పొరతో మూతబడతాది."

పదకొండేళ్ల చదువు. పదకొండు సెకన్లలో తేల్చేశాడు.

జులై 13

నాయన చెప్పింది నిజమే. అందుకే మండుతోంది.

జులై 24, గురువారం

అమ్మ ఫోన్ చేసింది. ఆగస్టు ఎనిమిదిన వరలక్ష్మీ వ్రతం, మాధురి ఆళ్లగడ్డకు వస్తుందట. నాతో చెప్పలేదు, అమ్మతో చెప్పింది. మంచిదే, కోయిలకుంట్ల నుంచి నంద్యాలకు సిగ్నల్ ఉండదేమో.

మా ఇంట్లో వెండి లక్ష్మీ ముఖం ఒకటుంది. నాయనమ్మ నాటిది. వ్రతం రోజు కలశం మీది కొబ్బరికాయకు దాన్ని కట్టి, చీర చుట్టి పూజ చేస్తారు. మిగతా ఏడాదంతా బీరువాలో ఉండి నల్లబడుతుంది. ముందురోజు కోడలు దాన్ని చింతపండు, విభూతి పెట్టి తోమాలి. ఇంట్లో కొడుకును నేనొక్కణ్నే కాబట్టి ఆ అదృష్టం మొత్తం మాధురిదే. పోయిన ఏడు ముక్కు సందుల్లో, కిరీటం గీతల్లో తోమి తోమి వేళ్లు ఒరుసుకుపోయి, "అందరికీ పూస్తారే, ఆ మందేదో ఈమెకు పూయరాదా?" అంది. నవ్వుతూనే అంది. అప్పట్లో నవ్వేది.

పూస్తాను. క్షమించు అని చెప్పడం కంటే ఇది మేలు. క్షమించు అనే మాట దారిన పోయే ప్రతివాడూ అంటాడు. పద్దెనిమిది కార్బన్ల థయోల్, అంటే నా పొర మందు, ఎంతమంది తేగలరు?

ఆగస్టు 5, మంగళవారం

అమ్మను అడిగి ముఖం తెచ్చాను. పాలిష్ పెట్టిస్తానని చెప్పాను. నిన్నంతా మందులో నానింది. ఈరోజు తీసి కడిగాను.

మా ల్యాబ్ అటెండర్ ప్రభుదాసు పక్కనే నిలబడి చూశాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, ముగ్గురు హెచ్‌ఓడీలను చూసినవాడు, ఎవరినీ లెక్కచేయడు. నేను ముఖం మీద ఒక నీటిచుక్క వేశాను. ముత్యంలా నిలబడి, చెంప మీదుగా జారి కిందపడింది. తడి కూడా మిగల్లేదు.

"నీళ్లు అంటుకోవడం ల్యా సార్," అన్నాడు.

"అదే కదా గొప్ప! తోకలన్నీ నూనె లాంటివి. నీటిని దగ్గరికి రానివ్వవు. పొర బాగా పట్టింది అనడానికి అదే గుర్తు."

"నీళ్లు అంటుకోనిది ఏదైనా అంటుకుంటాదా సార్?"

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాడికి ఉపరితల శక్తి గురించి ఏం చెబుతాం. నవ్వి ఊరుకున్నాను. ఫొటో తీసుకున్నాను.

ఆగస్టు 8, శుక్రవారం. ఆళ్లగడ్డ

మిద్దె మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. కింద ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. నా గురించే.

పొద్దున అంతా బాగుంది. వెండి ముఖాన్ని చూసి అమ్మ మురిసిపోయింది. మాధురి దాన్ని చూసింది, నన్ను చూసింది, "బాగుంది," అంది. ఫిబ్రవరి తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట. ఆ ఒక్క మాటకు నేను గాల్లో తేలాను.

తర్వాత గంధం తీసి, అమ్మవారి నుదుట పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. ఇరవై మంది ముత్తైదువులు కూర్చున్నారు. నాయన అక్క కమలాక్షమ్మత్త కథ చదవడం మొదలుపెట్టింది. నలభై ఏళ్లుగా చదువుతోంది, పుస్తకం ఊరికే పట్టుకుంటుంది.

కథ సగంలో ఉండగా గంధం ఆరింది. ఆరి, పెచ్చులా ఊడి, కుంకుమతో సహా అక్షింతల పళ్లెంలో పడింది.

మాధురి లేచి మళ్లీ పెట్టింది. మళ్లీ ఊడింది. మూడోసారి కూడా. అత్త పుస్తకం మూసేసింది.

"అరవై ఎనిమిదేళ్ల వయసు నాది. ఇట్లాంటిది యాడా చూల్యా," అంది. "అమ్మవారి నుదుట బొట్టు నిలవకపోవడం ఏంది? మగని మీదికి గండం వస్తాది. జాగర్త."

ఇరవై జతల కళ్లు నా వైపు తిరిగాయి. నేనప్పుడు వాయనం శనగలు దొంగతనంగా నోట్లో వేసుకుంటున్నాను. గండం ఉన్నవాడు కనపడాల్సిన తీరు అది కాదు.

నాకు మొదటిసారి రాలినప్పుడే తెలిసిపోయింది. గంధం నీళ్లతో తీస్తారు. నీళ్లను తరిమే తోకలను కోట్లకు కోట్లు నేనే ఆ నుదుటి మీద నిలబెట్టాను. పదకొండేళ్లుగా నీటిచుక్కలను కొలిచే పెద్దమనిషికి, వెండి అంగడి ఇంట్లో పుట్టినవాడికి, అమ్మవారికి బొట్టు పెడతారన్న సంగతి గుర్తు రాలేదు. ప్రభుదాసుకు వచ్చింది.

చెబుదామని నోరు తెరిచాను. అంతలో మాధురి అంది: "బొట్టు నిలిచేదాకా ఒంటిపూట ఉంటా. ముఖం నంద్యాలకు తీసుకపోతా. అక్కడే ఉండి ప్రతి శుక్రవారం పెడతా."

నంద్యాలకు. అంటే మా ఇంటికి.

నోరు మూసుకున్నాను.

ఆగస్టు 9

రేపు చెబుతాను. ప్రయాణం బడలికలో ఉన్నవాళ్లకు సైన్సు ఎక్కదు.

ఆగస్టు 11, సోమవారం

గండం ఉన్న మొగుడిగా బతకడం ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో ఒకటి తెచ్చుకునేవాణ్ని. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నానికి క్యారియర్. నిన్న ఆళ్లగడ్డ పోయి రావాలంటే బండి తాళాలు దాచేసింది. "శిరివెళ్ల దగ్గర లారీలు చూసినారా? బస్సులో పోండి," అంది. బస్సెక్కగానే ఒక ఫోన్, దిగగానే ఒక ఫోన్. "చేరినారా?"

మొదటి రింగుకే ఎత్తుతున్నాను. ఇప్పుడు బాగా ఎత్తుతున్నాను.

తను మాత్రం మధ్యాహ్నం ఒక్కపూటే తింటోంది. ఒక్క వారమే కదా. ఈ రోజుల్లో దుడ్లు ఇచ్చి మరీ ఉపవాసాలు నేర్చుకుంటున్నారు.

ఆగస్టు 15, శుక్రవారం

కాలేజీలో జెండా నిలబడింది. ఇంట్లో బొట్టు నిలబడలేదు.

ఆగస్టు 19, మంగళవారం

ప్రభుదాసు అడిగాడు, "అమ్మవారి ముఖం ఎట్లుంది సార్?" అని. ఏదో పరధ్యానంలో మొత్తం చెప్పేశాను. అంతా విని బీకర్లు కడగడం ఆపాడు.

"మేడమ్‌కు చెప్పినారా?"

"చెబుతాను. సమయం చూసి."

"సమయమేంది సార్? ఆయమ్మ పస్తుంటే మీకు సమయం కావాల్నా? చెప్పే ధైర్యం ల్యాకపోతే గమ్మున తెచ్చీండి. విభూతి పెట్టి రుద్దితే ఊడి పోతాది గదా? పావుగంట పని."

పావుగంట పని అని నాకూ తెలుసు. ఎవరికీ తెలియకుండా తోమేసి, శుక్రవారం బొట్టు నిలబెట్టి, అమ్మవారి కటాక్షం అని నేనూ చేతులు జోడించవచ్చు. ఒకటే చిక్కు. బొట్టు నిలిచిన రోజు మొక్కు తీరుతుంది. మొక్కు తీరిన రోజు మాధురి సంచీ సర్దుకుంటుంది. అటెండర్లకు ఈ లోతులు అర్థం కావు.

ఆగస్టు 22, శుక్రవారం

రాలింది. పెట్టేముందు మళ్లీ కళ్లు మూసుకుని ఏదో అడిగింది. నా ఆయుష్షే అయ్యుంటుంది. అంతసేపు అడగాల్సినంత ఆయుష్షు నాకెందుకో.

ఆగస్టు 24, ఆదివారం

రాయనన్నాను కానీ రాస్తాను. చదివేది నేనే కదా.

ఫిబ్రవరి పద్నాలుగు. చెన్నైలో సదస్సు. "వెండిపై స్వయంగా ఏర్పడే ఏకాణు పొరలు" అని నా ఉపన్యాసం. హాల్లో పదకొండు మంది, అందులో ఇద్దరు భోజనం కూపన్ల వాళ్లు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, బయటికి వచ్చాక కూడా తీయడం మరిచిపోయి, ఒక ప్రొఫెసర్ వెంట కాఫీకి పోయి, సాయంత్రం ఐదుకు చూశాను. మాధురి నుంచి పదిహేడు కాల్స్. నాలుగో నెల. పక్కింటి శివమ్మ గారు ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయిందట. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది, బిడ్డ లేదు.

నేను ఆమెతో అన్న మొదటి మాట: "సైలెంట్‌లో ఉండింది."

రెండో మాట ఇప్పటిదాకా అనలేదు.

ఆగస్టు 28, గురువారం

ఈరోజు ఒక పని చేశాను. మంచి పనే. వెండిని కాపాడాను.

కాలేజీ నుంచి వచ్చేసరికి మాధురి వంటింట్లో కింద కూర్చుంది. ముందర గిన్నెలో చింతపండు నానబెట్టి ఉంది. పక్కన విభూతి. ఒళ్లో ముఖం.

"ఏం చేస్తున్నావ్?"

"తోముదామని. పైన ఏదన్నా జిడ్డు ఉందేమో."

"వద్దు," అన్నాను. "తళతళలాడుతుంటే తోమేదేంది? మెరుపు పోతుంది. పాతకాలం వెండి, గీతలు పడతాయి."

"అంతేనంటారా?"

"వెండి గురించి నాకు చెబుతావా?"

ముఖాన్ని గుడ్డలో చుట్టి పీట మీద పెట్టింది. చింతపండు నీళ్లు నేనే తీసుకుపోయి తూములో పోశాను. లేచేటప్పుడు ఆమె గోడ పట్టుకుంది.

రేపటి తర్వాత చెబుతాను. వినాయక చవితి నిన్ననే అయింది, వరసగా పండగలప్పుడు ఇలాంటివి చెప్పకూడదు.

ఆగస్టు 29

రాలింది.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఉపాధ్యాయ దినోత్సవం. పిల్లలు నాకు శాలువా కప్పి, నుదుట గంధం, కుంకుమ పెట్టారు. సాయంత్రం దాకా చెక్కుచెదరలేదు. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుని తుడిచేసుకున్నాను. అమ్మవారిది తొమ్మిదింటికే రాలిందట.

మాధురి నా నుదుటినే చూస్తూ, "మీకు నిలిచింది," అంది. ఏమీ అర్థం కానట్టు నవ్వాను. ఈమధ్య అది బాగా వస్తోంది.

సెప్టెంబర్ 9, మంగళవారం

కొళాయి దగ్గర బిందె ఎత్తుతూ పడిపోయింది. శివమ్మ గారు ఫోన్ చేశారు. మొదటి రింగుకే ఎత్తాను. ఎత్తితే ఏం లాభం, మళ్లీ శివమ్మ గారే ఆటోలో తీసుకుపోయింది.

డాక్టరమ్మ రక్తం ఎనిమిదికి వచ్చింది అంది. "ఏమయ్యా, భార్యకు అన్నం పెట్టడం లేదా?" అని అందరి ముందూ అడిగింది. సెలైన్ ఎక్కుతుంటే మంచం పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. తీసేసుకోలేదు. ఎంత సన్నబడిందో ఆ చెయ్యి చూస్తే తెలిసింది. నాకు నా మీద అసహ్యం వేసింది. ఇందులో ఎకసెక్కం ఏమీ లేదు, నిజంగానే వేసింది.

"తిను మాధురీ, ఇంక చాలు," అన్నాను.

"శుక్రవారం దాకా చూద్దాం," అంది.

గురువారం సాయంత్రం ముఖాన్ని ల్యాబ్‌కు తీసుకుపోయి పొర తీసేస్తాను. ఆమె పోతే పోనీ. తిని పోనీ.

సెప్టెంబర్ 11, గురువారం

ఇంటర్నల్ పరీక్షలు. ఐదున్నర దాకా ఇన్విజిలేషన్ వేశారు. ల్యాబ్ తాళం వేసుకుని ప్రభుదాసు వెళ్లిపోయాడు. ఇంట్లో ఆమె ఎదురుగా తోమలేను కదా. నేనేం చేసేది? ఇంత దూరం వచ్చాక ఒక్క వారం ఎక్కువా తక్కువా. శనివారం సెలవు ఉంది. శనివారం ఖాయంగా.

ఈ ముక్క రాసి తిరిగి చదివాను. అయినా కొట్టేయలేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

ఒంటిగంటకు మాధురి ఫోన్ చేసింది. "ఒకసారి ఇంటికి రాండి." పరుగెత్తాను.

వంటింట్లో కూర్చుని అన్నం తింటోంది. కంచం నిండా అన్నం, పప్పు, గోంగూర. రెండోసారి వడ్డించుకుంటోంది. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది.

"నిలిచిందా?" అన్నాను.

"ల్యా. రాలింది."

"మరి తింటున్నావే?"

"ఆకలైతాంది."

మజ్జిగ కూడా కలుపుకుని తిన్నది. చెయ్యి కడుక్కుంది. అప్పుడు చూశాను, గది తలుపు పక్కన సంచీ సర్ది ఉంది. వెండి ముఖం గుడ్డలో చుట్టి పీట మీద ఉంది.

"మూడింటి బస్సుకు కోయిలకుంట్లకు పోతాండా," అంది. "ముఖం అత్తమ్మకు ఇచ్చీండి."

ఆ నిమిషంలో నేను అడిగిన మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. "మరి నా గండం?" అన్నాను.

వింతగా చూసింది. "గండమా? అది కమలాక్షమ్మ గారి మాట. నేనెప్పుడన్నా అన్నానా?"

"మరి ఇన్ని వారాలూ ఏం అడిగావ్?"

సంచీ జిప్పు లాగుతూ చెప్పింది, నా వైపు చూడకుండా.

"ఆ పొద్దు బొట్టు పెడతా అడిగినా. ఈ మనిషితో ఉండమంటావా వద్దంటావా తల్లీ, నాకు తెలీడం ల్యా, ఉండమంటే బొట్టు నిలుపు అని. రాలింది. నాకు ఆ జవాబు వద్దు. అందుకే మళ్లా పెట్టినా, మళ్లా రాలింది. కడుపు మాడ్చుకోని అడిగితే మనసు మార్చుకుంటాదేమో అనుకున్నా. నంద్యాలకొచ్చి వారం వారం అడిగినా. మీకు క్యారియర్ కడతా కూడా అడిగినా. ఆరు శుక్రవారాలు వద్దు వద్దనే చెప్తాంది. ఇంక ఆమెను విసిగించకూడదు."

ఉండమనే జవాబు కోసం పస్తులున్నది. నా ఆయుష్షు కోసం కాదు, నా కోసం. నేనేమో, బొట్టు నిలిస్తే పోతుందని పొరను కాపలా కాశాను.

అప్పుడు నా నోటి నుంచి అంతా ఒక్కసారిగా వచ్చింది. పొర, తలలు, తోకలు, గంధం ఎందుకు ఆగదు, అన్నీ. గుడ్డ విప్పి, చెంబులో వేళ్లు ముంచి, ముఖం మీద నీళ్లు చిలకరించాను. చుక్కలు గుండ్రంగా నిలబడి జారిపోయాయి. "చూడు! చూడు మాధురీ, అమ్మవారు కాదు! ఆమె ఏమీ అనలేదు! మందు! నేను పూసిన మందు!" అని అరిచాను. శుభవార్త మోసుకొచ్చినవాడిలా ఉన్నాను.

మాధురి వంగి చూసింది. వేలితో ఒక చుక్కను తాకింది. అది వేలికి అంటుకుంది గానీ వెండికి అంటుకోలేదు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"మొదటిసారి రాలినప్పుడేనా?"

"ఊఁ."

"నేను చింతపండు నానబెట్టిన పొద్దు?"

"తెలుసు."

"దవాఖానాలో నా చెయ్యి పట్టుకున్నప్పుడు?"

తలూపాను. "చెబితే వెళ్లిపోతావని," అన్నాను. "క్షమించు," అన్నాను. ఏడు నెలల తర్వాత ఆ రెండో మాట.

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ముఖం మీద మిగిలిన చుక్కలను పమిట కొంగుతో మెల్లగా తుడిచి, గుడ్డలో మళ్లీ చుట్టింది.

"అమ్మవారు ఏమీ అనలేదు అయితే," అంది.

"ఏమీ అనలేదు. అంతా నేనే."

"ఊఁ. ఆరుసార్లూ వద్దనింది మీరే."

కాదు అనడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. సంచీ నేనే మోసుకుని బస్టాండు దాకా వెంట నడిచాను. కోయిలకుంట్ల బస్సు మూడుంపావుకు వచ్చింది, ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది.